మూడు పంపులు, ఒక గాడిద

జఫరానా రాతి క్వారీ,
1987 ఫిబ్రవరి 10

లబీబ్ మావయ్యకి,

జరీఫ్ వందనాలు. అమ్మ కనిపిస్తే దగ్గు తగ్గిందని చెప్పండి. సముద్రపు గాలి పడుతోందని చెప్పండి, రాతిదుమ్ము సంగతి ఎత్తకండి.

ఈ ఉత్తరం తెచ్చిన లారీ డ్రైవరు షాబాన్ దగ్గర గోనెసంచిలో రాళ్లెత్తే మా లోడరు ఆయిలు పంపు ఉంది. దాన్ని శుభ్రంగా కడిగి పంపుతున్నాను. కొన్నాళ్లుగా లోడరు చేతులు సరిగా లేవడం లేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రాయిని ఎత్తుతుంది. ఎండెక్కి ఆయిలు కాగేసరికి ముసలి ఒంటెలా మోకాళ్లమీద కూలబడుతుంది. మీ షాపులో నేర్చుకున్నంతలో పంపు లోపల అరిగిందని చెప్పగలను. ఎందుకు అరిగిందో మీరే చూడాలి. ఇక్కడున్నది ఒక్కటే లోడరు. అది పడుకుంటే కొండకింద లారీలన్నీ పడుకుంటాయి.

క్వారీ పెద్ద హాజీ మెత్వల్లి మంచివాడే గానీ ఓపిక తక్కువ. ఆయన చెల్లెలి కొడుకొకడు లోడరు నడిపే నా సీటు మీద కన్నేసి ఉన్నాడు. నేను దిగానంటే మళ్లీ కోతమిషను కింద దుమ్ములో నిలబడాలి. ఇంకో ఏడాది దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు మీ ముందే చెప్పాడు. అందుకని కాస్త ముందు నా పని చూడండి.

క్రిస్మస్‌కి మీరు పంపిన డైనమో, లౌడ్‌స్పీకరు అప్పుడే బిగించాను. లోడరు బ్యాటరీ ముట్టుకోవద్దని హాజీ అన్నాడు. తిరిగేది ఏది దొరికితే దానికి బెల్టు తగిలించమని మీరు రాశారు కదా, అలాగే చేశాను. భోజనాల వేళ ఇంజను ఆపం. ముందు హాజీ గారి ఖురాన్ పఠనం, తరవాత మీ ప్రసంగం క్యాసెట్టు. యోసేపు కథ అందరికీ నచ్చింది. మీ మావయ్యకున్నది గొంతా, కంప్రెసరా అని రాయి కోసేవాళ్లు అడుగుతున్నారు.

మీ మేనల్లుడు,
జరీఫ్


మినియా,
ఫిబ్రవరి 17

చెల్లెలి కొడుకు జరీఫ్‌కి, ప్రభువు నీకు చూపునూ చురుకునూ ఇచ్చుగాక.

చెరకు కాలం. ఫ్యాక్టరీకి చెరకెత్తే బళ్లన్నీ నా గుమ్మం ముందే ఏడుస్తున్నాయి. ఒక్కొక్కడూ తన పంపే ముందు విప్పాలని నా గడ్డం పట్టుకుంటాడు. వాళ్లందర్నీ కూర్చోబెట్టి నీ పంపు విప్పాను. విప్పి, మూసేసి, కాసేపు ప్రార్థన చేసుకుని మళ్లీ విప్పాను. కోపంతో ఉన్న చేత్తో స్పానరు పట్టుకోకూడదు.

ఒరేయ్, నీకు నేను నేర్పిందేమిటి? గేర్లు రెండూ పళ్లలో పళ్లు కలిపి తిరుగుతాయి. పళ్ల సందుల్లో ఆయిలు మోసుకుపోతాయి. పళ్ల కొనకీ గోడకీ మధ్య వెంట్రుక కూడా పట్టకూడదు. ఆ సందు పెరిగితే పట్టిన ఆయిలు పట్టినట్టే వెనక్కి జారిపోతుంది, వేడెక్కి పల్చబడితే ఇంకా జారుతుంది. నీ పంపులో గేర్ల పక్కన ఉండే ప్లేట్లు ఇసుకకాగితంతో రుద్దినట్టు మెరుపు చచ్చి ఉన్నాయి. గోడ మీద ఒకపక్క పళ్లు తిరిగినచోట గాడి పడింది. నేను వేలు పెట్టి చూశాను, నీకు సిగ్గు లేకపోయినా నాకు వేసింది. ఇది ఇసుక. ఇసుక కూడా కాదు, నీ బద్ధకం. డబ్బా మూత తీసి గాలికి వదిలేసి టీ తాగడానికి పోయుంటావు. గిన్నె బయట తోమి లోపల మురికి వదిలేసేవాళ్లని ప్రభువు ఏమన్నాడో నువ్వు చిన్నప్పుడు కంఠతా చెప్పి నా దగ్గర ఖర్జూరాలు తిన్నావు. ఆ ఖర్జూరాలు కక్కు.

ఆయిలంతా పారబొయ్యి. డబ్బా కడుగు. కొత్త ఆయిలు చిక్కగా నేసిన గుడ్డలో వడకట్టి పొయ్యి. కొత్త బాడీ, కొత్త గేర్లు వేసి పంపాను.

డైనమో సంగతి విని నా ప్రాణం లేచొచ్చింది. బండల మధ్య వాక్యం వినబడుతోందంటే ఇంకేం కావాలి. స్పీకరు ఒక్క పూట కూడా ఆపకు. కొత్త క్యాసెట్టు పెట్టాను, లోపలి శుద్ధి గురించి. మీ అత్త మటిల్డా ఎండబెట్టిన మొలోఖియా కూరాకు కూడా ఉంది, షాబాన్ తినేస్తాడేమో చూసుకో.

కోపమూ ప్రేమా సమానంగా ఉన్న
లబీబ్ సిదారూస్


జఫరానా,
మార్చి 14

మావయ్యకి,

మొలోఖియా అందింది. పంపూ అందింది. క్యాసెట్టు కూడా అందింది, దాని గురించి చివర్లో రాస్తాను.

మీరు చెప్పినట్టే ఆయిలంతా పారబోశాను. డబ్బాలో దిగి చేత్తో తుడిచాను. కొత్త ఆయిలు నా బనీనులో వడకట్టాను. వంటమనిషి బిషారా దాన్ని చూసి, ఆ బనీనులో ఇక టీ వడకట్టివ్వనని చెప్పాడు. ఇంతకుముందు దేంట్లో వడకట్టేవాడో అడగలేదు, కొన్ని తెలుసుకోకపోవడమే మంచిది. ఫిల్టరు కొత్తది. మూత మీద తడిగుడ్డ కప్పాను. ఇంత చేసినా పంపు మళ్లీ పోయింది. పోయినసారి లాగానే చల్లగా ఉంటే ఎత్తుతుంది, వేడెక్కితే వాలిపోతుంది. కడిగి మళ్లీ షాబాన్‌కే ఇచ్చాను.

ఈసారి దయచేసి పంపుని చూడండి. నన్ను కాదు.

ఇక క్యాసెట్టు. ఎర్రసముద్రం ఒడ్డున ఒక మెకానిక్కు ఉన్నాడనీ, వాడు ఆయిలు వడకట్టడనీ, వాడి హృదయం వాడి ఆయిలు డబ్బాలాంటిదనీ మీరు అరగంట చెప్పారు. ఎర్రసముద్రం ఒడ్డున ఎందరు మెకానిక్కులు ఉన్నారనుకున్నారు? క్వారీ అంతా చేతిలో రొట్టె అలాగే పట్టుకుని నావైపు తిరిగి కూర్చుంది. ఇప్పుడు నేను చేతులు కడుక్కుంటుంటే, 'హృదయం కూడా' అని ఎవడో ఒకడు అరుస్తాడు. హాజీ అయితే కన్నీళ్లొచ్చేలా నవ్వాడు. నవ్వాక, రంజాన్ నెలవంక కనపడేలోగా లోడరు నిలబడకపోతే తన మేనల్లుణ్ని కూర్చోబెడతానన్నాడు. ఆ మాటకి మాత్రం నవ్వలేదు.

మీ ఆజ్ఞ ప్రకారం స్పీకరు ఆపలేదు.

జరీఫ్


మినియా,
మార్చి 20

జరీఫ్‌కి, మొండిమెడ వంచే దేవుడు నీ మెడ కూడా వంచుగాక.

క్యాసెట్టులో నీ పేరు చెప్పానా? చెప్పలేదు. గుచ్చుకున్నవాడికే ముల్లు తెలుస్తుంది. మీ అమ్మ ఏస్తేరు కూడా నిన్నొచ్చి ఇదే పాట. పిల్లాణ్ని నలుగురిలో నవ్వులపాలు చేశావన్నయ్యా అని ముక్కు చీదింది. దుమ్ములోకి దింపితే వాడు బతకడని మళ్లీ చీదింది. నాకు తెలీదా? ఆ పిల్లాడి ఊపిరి కోసమే కదా చెరకు బళ్లవాళ్ల తిట్లు తింటూ నీ పంపు ముందేసుకు కూర్చున్నాను.

పంపు చూశాను. న్యాయం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఈసారి ప్లేట్లు అద్దంలా ఉన్నాయి. ఇసుక లేదు. నీ బనీను పుణ్యాత్మురాలు. కానీ గోడ మీద గాడి మళ్లీ అటుపక్కే, ఇంకా లోతుగా పడింది. బొటనవేలు పెట్టగానే తెలిసిపోయింది.

ఇసుక కాకపోతే ఇంకేమిటి? దురాశ. పంపులోంచి ఒత్తిడితో బయటికి పోయే ఆయిలు గేర్లని వెనక్కి, ఆయిలు లోపలికొచ్చే వైపు తోస్తూ ఉంటుంది. అందుకే ఆ పక్క గోడ కొద్దిగా అరగడం సహజం, గుమ్మం అరిగినట్టు. ఒత్తిడి హద్దు దాటితే గోడ తెగుతుంది. హద్దు కాసేది రిలీఫ్ వాల్వు. దాని స్క్రూ ఎవడో బిగించాడు. పెద్ద రాయి లేవట్లేదని సగం తిప్పు, రేపు ఇంకో సగం. ఎడారిలో దేవుడు రోజూ కురిపించిన మన్నా రేపటిక్కూడా దాచుకుంటే పురుగు పట్టిందని చదవలేదూ? ఇచ్చినంతలో ఎత్తడం చేతకాదు మీకు. నువ్వు బిగించావో, హాజీ బిగించమంటే తలూపావో, రెండూ ఒకటే.

ఒత్తిడి చూపే గేజీ పంపుతున్నాను. తగిలించి, హాజీ చూస్తుండగా చదువు. పంపు బాగుచేశాను. దాంతోపాటు హాజీ గారికి విడిగా చీటీ రాశాను, ఇది నిలబడుతుందని నా మాటగా. నా మాట నిలబెట్టు. దురాశ మీద క్యాసెట్టు పెట్టాను. నీ పేరు లేదు.

లబీబ్


జఫరానా,
ఏప్రిల్ 12

మావయ్యకి,

గేజీ తగిలించాను. హాజీని పిలిచాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని మరీ చదివాడు. ముల్లు మిషను పలక మీద రాసి ఉన్నచోటే నిలబడింది, ఆవగింజంత కూడా దాటలేదు. స్క్రూ మీద సీసపు సీలు పుట్టినప్పుడు వేసింది వేసినట్టే ఉంది. హాజీ నా భుజం మీద చెయ్యేసి, మీ మావయ్య మినియాలో కూర్చుని ఇక్కడి మనుషుల పాపాలు చదవగలడు గానీ చేతిలో ఉన్న పంపు చదవలేడా అన్నాడు. నాకు మీ తరఫున కోపం రావాలి. రాలేదు.

ఎందుకంటే మీరిచ్చిన మాట పోయింది. పంపు మళ్లీ బలం తగ్గింది. ఈసారి గేర్లని తిప్పే షాఫ్టు దగ్గర ఆయిలు సీలు కూడా కారుతోంది. మొదట నేను బద్ధకస్తుణ్ని, తరవాత దురాశాపరుణ్ని. ఇప్పుడేమవుతానో చూడాలి. అబద్ధీకుణ్ని ఒక్కటే మిగిలింది. నన్ను పెంచింది మీరే, తిట్టే హక్కు మీకుంది. కానీ మావయ్యా, మీరు పంపు విప్పేముందే నాలో ఏ తప్పుందో రాసుకుని కూర్చుంటున్నారు. తరవాత ఆ తప్పుకి సరిపోయే గీత పంపులో వెతుకుతున్నారు.

ఈసారి కడగలేదు. విప్పిన జిడ్డుతోనే పంపాను. లోడరులో ఉన్నప్పుడు ఏ వైపు పైకి ఉంటుందో సుద్దతో బాణం గీశాను. ఎలా ఉన్నది అలా చూడండి, ఇంతకన్నా నాకేం చేతకాదు. రంజాన్ దగ్గరపడింది. హాజీ మేనల్లుడు అప్పుడే సీటు మీద వేసుకోవడానికి దిండు తెచ్చుకున్నాడు.

స్పీకరు కూడా నా ప్రాణం తీస్తోంది. మీ గొంతు పెంచినప్పుడల్లా డైనమో బెల్టు జారి కీచుమంటుంది. ప్రతి క్యాసెట్టుకీ ముందు బెల్టు ఇంకాస్త బిగించాల్సి వస్తోంది. అయినా ఆపలేదు. మీ మాట కాదననని అమ్మకి మాటిచ్చాను.

జరీఫ్


మినియా,
ఏప్రిల్ 22

జరీఫ్‌కి, శాంతి కలుగుగాక. నాకు కలగలేదు.

ఈస్టరు పండగ వెళ్లింది. మర్నాడు షమ్ అన్నసీమ్ వేడుకకి వీధి వీధంతా ఉప్పుచేప వాసన. మీ అత్త మిగిలిన చేప పొట్లాన్ని నా పనిబల్ల మీద పెట్టింది. పక్కనే నీ జిడ్డు పంపు. ఏది ఎక్కువ కంపు కొడుతోందో చెప్పలేను.

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు పంపు ముట్టుకోలేదు. కోపం. ఎవడు నేర్పాడురా నీకు అలా రాయడం అనుకున్నాను. నేనే నేర్పానని గుర్తొచ్చి ఇంకా కోపమొచ్చింది. ఐదో రోజున నీ సుద్దబాణం పైకి ఉండేట్టు పంపుని బల్ల మీద బిగించి విప్పాను. ఇంతకుముందు రెండూ కడిగి వచ్చాయి, ఎటు పైనో ఎటు కిందో లేకుండా బల్ల మీద దొర్లాయి. నేను గాడి లోతు చూశానే గానీ దాని దిక్కు చూడలేదు. ఇప్పుడు చూశాను. శ్రద్ధగా విను.

ఒత్తిడి ఎక్కువైతే రెండు గేర్ల గోడలూ అరగాలి, ఇద్దరన్నదమ్ములకీ ఒకే దెబ్బ. ఇక్కడ ఇంజను తిప్పే గేరు గోడే తెగింది. రెండోదాని గోడ పెళ్లికూతురి చెంపలా ఉంది. తెగినచోటు కూడా ఆయిలొచ్చే వైపు సూటిగా లేదు, పైకి తిరిగి ఉంది. షాఫ్టు బయటికొచ్చే కొస దగ్గర లోతు, లోపలికి వెళ్లేకొద్దీ పల్చన. షాఫ్టుని మోసే బుష్షులు చూస్తే ముందుది పైవైపు అరిగి కోడిగుడ్డయింది. వెనకది కిందివైపు అరిగింది. అర్థమైందా? గునపం కొస పట్టుకుని పైకి లాగితే రెండో కొస కిందికి పోతుంది. అంతే.

ఇది ఇసుక కాదు, ఒత్తిడి కాదు. ఎవడో ఆ షాఫ్టు పట్టుకుని పైకి లాగుతున్నాడు. తిప్పడానికి పుట్టిన షాఫ్టు అది, పక్కకి బరువు మొయ్యడానికి కాదు. ఇశ్రాయేలు పాళెంలో ఆకాను దొంగసొత్తు గుడారంలో పాతిపెట్టుకుంటే జనమంతా ఓడిపోయింది. మీ పాళెంలో కూడా ఒక ఆకాను ఉన్నాడు. ఆ షాఫ్టు మీద ఏదో తగిలించాడు. హాజీ మేనల్లుడేనని నా అనుమానం, దిండు తెచ్చుకున్నవాడు ఏదైనా చేస్తాడు. వెళ్లి కళ్లారా చూడు. అది ఏదైనా సరే కోసి పారెయ్యి. తగిలించినవాడి పేరు నాకు రాయి. ఈసారి క్యాసెట్టులో పేరు పెట్టి చెబుతాను, వాడి తండ్రి పేరుతో సహా.

పంపు బాగుచేసి పంపుతున్నాను. ఆ దొంగ దొరికేదాకా బిగించకు.

లబీబ్


జఫరానా,
ఏప్రిల్ 26

మావయ్యకి,

పంపు అందింది.

ఆ షాఫ్టు మీద ఉన్నది ఒక్కటే, మీ డైనమో బెల్టు తిరిగే పుల్లీ. పంపు మీకు పంపేముందు ప్రతిసారీ దాన్ని ఊడదీసేవాణ్ని. డైనమో పైన స్పీకరు స్తంభానికి బిగించి ఉంది. బెల్టు పైకి లాగుతుంది. ఫిబ్రవరిలోనూ రాశాను, పోయిన ఉత్తరంలోనూ రాశాను. కీచుమన్నప్పుడల్లా బిగించింది నేనే. బిగించమన్న గొంతు మీది.

గొర్రెపిల్లని దోచినవాడెవడని దావీదు రాజు కోపంతో ఊగిపోతే, 'ఆ మనిషివి నువ్వే' అని నాతాను ప్రవక్త అన్నాడని మీరే నేర్పారు. ఆ పని నాకు పడుతుందనుకోలేదు.

మీరు పేరు రాయమన్నారు. లబీబ్, తండ్రి పేరు సిదారూస్.

బెల్టు కోసేశాను.

జరీఫ్


మినియా,
మే 2

జరీఫ్‌కి,

తిరిగేదానికి తగిలించమన్నాను. తిరిగేదల్లా కాడి మోసే మెడ కాదని చూసుకోవద్దా? ఇంజను ముందు ఫ్యాను పుల్లీ ఉంది, అది బెల్టు మొయ్యడానికే పుట్టింది. అది వదిలేసి పంపు షాఫ్టు ఎక్కడ దొరికిందిరా నీకు?

సరే. క్రిస్మస్‌కి నేను నీకు రాసిన ఉత్తరం నువ్వు మీ అమ్మకి పంపావట, దాన్ని ఆమెచేత చదివించుకుని విన్నాను. తిరిగేది ఏది దొరికితే దానికి, ఆలస్యం చెయ్యకు, వాక్యం ఆగకూడదు అని ఉందట. ఏస్తేరు దాన్ని రెండుసార్లు చదివింది. రెండోసారి అక్కర్లేదు.

హాజీ గారికి చీటీ పెట్టాను. అందులో వాక్యాలేవీ లేవు. తప్పు నా డైనమోది, పిల్లాడిది కాదు అని ఒక్క ముక్క. నువ్వే చదివి ఇవ్వు, ఆయన కళ్లజోడు తుడుచుకునేలోపు.

దగ్గు ఎలా ఉందో రాయి. ఉన్నది ఉన్నట్టు.

లబీబ్


జఫరానా,
జూన్ 3

మావయ్యకి,

రంజాన్ వెళ్లింది, ఈద్ వెళ్లింది. లోడరు మండే ఎండలో కూడా రాయిని పసిబిడ్డలా ఎత్తి దించుతోంది. మీ చీటీ హాజీ జేబులో పెట్టుకున్నాడు. ఎవరికీ చూపించలేదు. మేనల్లుడి దిండు మాత్రం నాకిప్పించాడు, ఆ సీటు నిజంగానే గట్టి. దగ్గు పొద్దుటిపూట ఉంది, తక్కిన రోజంతా లేదు. ఉన్నది ఉన్నట్టు రాశాను.

స్పీకరు మూగదైంది. ఉపవాసాల నెల కాబట్టి అప్పుడెవరూ అడగలేదు. ఈద్ అయిన మొదటి రోజు భోజనాల దగ్గర అందరూ రొట్టెలు పట్టుకుని మామూలుగా నావైపు తిరిగి కూర్చున్నారు. గాలి తప్ప ఏమీ వినపడలేదు. హాజీ గొంతు సవరించుకుని అడిగాడు.

"ఆ ఆయిలు వడకట్టని మెకానిక్కు చివరికి బాగుపడ్డాడా లేదా?"

నాకు తెలీదన్నాను. మీ మావయ్యకి తెలుసుండాలి, రాయి అన్నాడు. తక్కినవాళ్లు కూడా రాయమన్నారు. బిషారా దగ్గర సెల్లులతో నడిచే చిన్న టేప్‌రికార్డరు ఉంది. బెల్టు అక్కర్లేదు.

జరీఫ్


మినియా,
జూన్ 9

జరీఫ్‌కి, నా గుండెకి,

క్యాసెట్టు పంపుతున్నాను. ఒకవైపే నిండింది. రెండోవైపు ఏం చెప్పాలో తోచలేదు. నాకు తోచకపోవడం మీ అత్త పెళ్లయ్యాక ఇదే మొదటిసారి చూసిందట, వీధంతా చెప్పుకుంటోంది.

మెకానిక్కు కథ పక్కన పెట్టి బిలాము గాడిద కథ చెప్పాను. దారిలో కత్తి పట్టుకు నిలబడ్డ దూత గాడిదకి కనపడ్డాడు, పైన కూర్చున్న ప్రవక్తకి కనపడలేదు. అది పక్కకి తప్పుకుంటే కొట్టాడు, గోడకి ఒత్తుకుంటే కొట్టాడు, కూలబడితే కొట్టాడు. మూడుసార్లూ గాడిదదే తప్పన్నాడు. చివరికి నోరు తెరిచి అడగాల్సింది గాడిదే అయింది.

ఇంతకుముందు నీ పేరు చెప్పకుండానే నిన్ను నవ్వులపాలు చేశానని అందరూ నన్ను తిట్టారు కదా. ఈసారి గాడిద పేరు చెప్పలేదు. ప్రవక్త పేరు మాత్రం నువ్వు రాసిందే చెప్పాను, తండ్రి పేరుతో సహా. హాజీ గారిని ముందువరసలో కూర్చోబెట్టు.

ఆ టేప్‌రికార్డరు గొంతు చాలకపోతే చాలకపోనీ. దేనికీ ఏదీ తగిలించకు.

నీ మావయ్య,
లబీబ్